నూనె సపోనిఫికేషన్ విలువను నమ్మదగినట్టు కనుక్కోవడం ఎలా?

నూనెలు, కొవ్వుల మీద ప్రయోగాలు చేసే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. పద్ధతిలో చెప్పినట్టే చేశాం, గంటసేపు మరిగించాం, టైట్రేషన్ (బ్యూరెట్‌తో ఆమ్లం కొద్దికొద్దిగా వేసి కొలవడం) కూడా జాగ్రత్తగానే చేశాం, అయినా పట్టికలో 190 దగ్గర ఉండాల్సిన విలువ మాకు 170 వచ్చింది, మరోసారి 210 వచ్చింది, తప్పు ఎక్కడ జరిగింది అని. తప్పు జరగగలిగే చోట్లు నిజానికి కొన్నే. వాటిలో చాలావరకు మరిగించే ఫ్లాస్కులో కాకుండా, దాని పక్కన ఉండాల్సిన, నూనె వేయని బ్లాంక్ ఫ్లాస్కులోనూ, ఆమ్లం గాఢతలోనూ, రంగు మార్పుతో ముగింపు చూపే సూచిక ఎంపికలోనూ దాగి ఉంటాయి. అందువల్ల ఈ మార్గదర్శిలో ప్రతి దశ దగ్గరా ఏం చేయాలో చెప్పడంతో పాటు, అక్కడ ఏది చెడిపోతుందో, చెడిపోయిందని ఎలా తెలుసుకోవాలో కూడా చెబుతాను.

సిద్ధాంతం ఈ పనికి అవసరమైనంత వరకే చూద్దాం. నూనె, కొవ్వు రెండూ ఎస్టర్లే. గ్లిసరాల్ అనే ఆల్కహాల్‌లో ఉన్న మూడు హైడ్రాక్సిల్ సమూహాలతో మూడు కొవ్వు ఆమ్లాలు కలిసి ఒక అణువుగా ఏర్పడతాయి. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేస్తే ఆ మూడు ఎస్టర్ బంధాలూ తెగి, గ్లిసరాల్, మూడు సబ్బు అణువులు మిగులుతాయి. ఒక గ్రాము నూనె పూర్తిగా ఇలా విడిపోవడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ ఖర్చవుతుందో ఆ సంఖ్యే సపోనిఫికేషన్ విలువ. నూనెలో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు కూడా క్షారాన్ని తీసుకుంటాయి కాబట్టి అవీ ఈ లెక్కలోకే వస్తాయి. ఖర్చయిన క్షారాన్ని నేరుగా కొలవలేం. తెలిసినంత క్షారాన్ని ఎక్కువగానే వేసి, మిగిలిపోయినదాన్ని ఆమ్లంతో కొలిచి, మొదటి దాంట్లోంచి తీసివేస్తాం. 1879లో కోట్‌స్టోర్ఫర్ అనే రసాయన శాస్త్రవేత్త వెన్నలో ఇతర కొవ్వుల కల్తీని పట్టుకోవడానికి ఈ మార్గాన్ని ప్రతిపాదించారు. ఈనాటికీ పద్ధతి మూలంలో అదే.

కావలసినవి

250 మి.లీ. బోరోసిలికేట్ ఫ్లాస్కులు కనీసం నాలుగు ఉండాలి. రెండు నమూనాకు, రెండు బ్లాంక్‌కు. ఒక్కొక్క దానికి, ఆవిరిని చల్లబరిచి ఫ్లాస్కులోకే తిరిగి పంపే రిఫ్లక్స్ కండెన్సర్ కావాలి. నీటితో చల్లబరిచే కండెన్సర్ లేకపోతే, కనీసం 65 సెం.మీ. పొడవున్న గాజు గొట్టాన్ని గాలి కండెన్సర్‌గా వాడుకోవచ్చు, కానీ అప్పుడు చాలా నెమ్మదిగా మరిగించాలి. వీటితో పాటు 25 మి.లీ. పిపెట్, దానికి రబ్బరు బల్బు, 50 మి.లీ. బ్యూరెట్, ఒక మిల్లీగ్రాము వరకు తూచే తులాయంత్రం, నీటి తొట్టి లేదా హీటింగ్ మాంటిల్, గాజు పూసలు సిద్ధం చేసుకోండి.

రసాయనాలలో పొటాషియం హైడ్రాక్సైడ్ గుళికలు, 95 శాతం ఇథనాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అనార్ద్ర (నీరు లేని) సోడియం కార్బొనేట్, అనార్ద్ర సోడియం సల్ఫేట్, ఇథనాల్‌లో 1 శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం, మిథైల్ ఆరెంజ్ అవసరం.

ఇథనాల్ విషయంలో ఒక హెచ్చరిక. చౌకగా దొరికే డీనేచర్డ్ స్పిరిట్‌లో ఇథైల్ ఎసిటేట్ వంటి ఎస్టర్ కలిసి ఉండే అవకాశం ఉంది. ఆ ఎస్టర్ కూడా మీ క్షారాన్ని తినేస్తుంది, ద్రావణం బలం రోజురోజుకీ పడిపోతుంది. సీసా మీద ఏం కలిపారో రాసి లేకపోతే దాన్ని ఈ పనికి వాడకండి.

ముందుగా భద్రత

ఇథనాల్ దాదాపు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి గది ఉష్ణోగ్రత దగ్గరే అంటుకోగలదు. కాబట్టి ఏ దశలోనూ బర్నర్ మంట మీద నేరుగా వేడి చేయకూడదు, అదే బల్ల మీద మరొకరు మంట వెలిగించకుండా కూడా చూసుకోవాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. భద్రతా కళ్లద్దాలు పని మొదలైనప్పటి నుంచి చివరి ఫ్లాస్కు కడిగేదాకా తీయకండి. పడితే వెంటనే నీటి ధార కింద కనీసం 15 నిమిషాలు కడుగుతూ ఉండి, వైద్యుడిని చూడాలి. క్షారానికి విరుగుడుగా ఆమ్లం వేయాలన్న ఆలోచన చర్మం విషయంలోనైనా, కంటి విషయంలోనైనా ప్రమాదకరం. పిపెట్‌ను నోటితో పీల్చకండి.

ద్రావణాలు తయారు చేసుకోవడం

1. ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్, సుమారు 0.5 నార్మల్ (నార్మల్ అన్నది గాఢతకు కొలమానం). గుళికలలో సాధారణంగా 85 శాతమే పొటాషియం హైడ్రాక్సైడ్, మిగిలింది ఎక్కువగా నీరు. అందుకని లెక్క ప్రకారం వచ్చే 28 గ్రాములు చాలవు, 33 నుంచి 35 గ్రాములు తీసుకోండి. చల్లని నీటిలో ఉంచిన బీకరులో 30 మి.లీ. స్వేదన జలం పోసి, గుళికలను కొద్దికొద్దిగా వేస్తూ కరిగించండి. బాగా వేడెక్కుతుంది, తొందర పడకండి. చల్లారాక ఇథనాల్ కలిపి ఒక లీటరు చేయండి. మూతపెట్టి ఒక రాత్రి ఉంచితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఏర్పడిన పొటాషియం కార్బొనేట్ ఇథనాల్‌లో కరగదు కాబట్టి అడుగుకు చేరుతుంది. పైన ఉన్న తేట ద్రావణాన్ని కదపకుండా పాలిథిలీన్ సీసాలోకి వంచుకోండి. గాజు బిరడా ఉన్న సీసాలో నిల్వ ఉంచితే బిరడా బిగుసుకుపోయి రాదు.

ఈ ద్రావణం నీరులా తేటగా లేదా లేత గడ్డి రంగులో ఉండాలి. కొద్ది రోజులలోనే ముదురు పసుపు, గోధుమ రంగులోకి మారితే ఇథనాల్‌లో ఆల్డిహైడ్ ఉందని అర్థం. క్షారం సమక్షంలో ఆల్డిహైడ్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి రంగు పదార్థాలుగా మారతాయి. ఆ రంగులో ఫినాఫ్తలీన్ మార్పు కనబడదు. కొత్త ఇథనాల్‌తో మళ్లీ చేసుకోండి. మరో దారి లేకపోతే, ఆ ఇథనాల్‌నే కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్, అల్యూమినియం ముక్కలతో గంటసేపు రిఫ్లక్స్ చేసి స్వేదనం చేస్తే వాడుకోవడానికి పనికి వస్తుంది. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి వ్యవస్థ పైభాగం తెరిచి ఉండాలి, గాలి ధారాళంగా ఆడాలి.

2. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.5 నార్మల్. గాఢ ఆమ్లం సుమారు 43 మి.లీ. తీసుకుని నీటిలోకి పోసి ఒక లీటరు చేయండి. దీని అసలు గాఢతను తప్పనిసరిగా నిర్ణయించాలి. సుమారు 270 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చల్లార్చిన సోడియం కార్బొనేట్‌ను 0.53 గ్రాముల దగ్గర కచ్చితంగా తూచి, నీటిలో కరిగించి, మిథైల్ ఆరెంజ్ సూచికతో టైట్రేషన్ చేయండి. 0.530 గ్రాములకు 20.0 మి.లీ. పడితే ఆమ్లం సరిగ్గా 0.500 నార్మల్. సీసా మీద 0.5 అని రాసి ఉంది కదా అని ఈ పని మానేసేవారే ఎక్కువ. గాఢతలో 2 శాతం తేడా ఉంటే తుది విలువలో అదే 2 శాతం, అంటే 190కి దాదాపు 4 తేడా వస్తుంది.

క్షార ద్రావణం గాఢత మాత్రం కచ్చితంగా తెలియనవసరం లేదు. ఆ పని బ్లాంక్ చేసిపెడుతుంది.

అసలు ప్రయోగం

3. నూనెను సిద్ధం చేయండి. మడ్డి, తేమ ఉన్న నూనెను తూస్తే అవి కూడా నూనె బరువు కిందే లెక్కలోకి వచ్చి విలువ తగ్గుతుంది. నూనెలో కొంచెం అనార్ద్ర సోడియం సల్ఫేట్ వేసి కలిపి, పొడి వడపోత కాగితంలో వడకట్టండి. గడ్డకట్టిన కొవ్వు అయితే కరిగే ఉష్ణోగ్రతకు కాస్త పైన మాత్రమే వేడి చేసి, మొత్తం కరిగాక, బాగా కలిపి అప్పుడు తీసుకోండి. సగం కరిగిన కొవ్వులో పైన ఉన్న ద్రవ భాగానికి, అడుగున ఉన్న ఘన భాగానికి విలువలు వేర్వేరుగా ఉంటాయి.

4. తూచండి. సాధారణ నూనె అయితే 2 గ్రాములు, కొబ్బరి నూనె వంటి అధిక విలువ కలిగినదైతే 1.5 గ్రాములు సరిపోతాయి. సరిగ్గా 2.000 గ్రాములు రావాలని ప్రయాసపడకండి, ఎంత తీసుకున్నారో మిల్లీగ్రాము వరకు తెలిస్తే చాలు. నూనె, డ్రాపర్ ఉన్న చిన్న బీకరును తూచి, ఫ్లాస్కులో చుక్కలు వేసి, మళ్లీ బీకరును తూచి తేడా తీయడం ఉత్తమం. చుక్కలు ఫ్లాస్కు మెడకు అంటకుండా అడుగున పడాలి. మెడకు అంటిన నూనె క్షారాన్ని చేరకుండానే ఉండిపోతుంది.

5. క్షారం వేయండి. రెండు నమూనా ఫ్లాస్కులలో, నూనె లేని రెండు బ్లాంక్ ఫ్లాస్కులలో ఒకే పిపెట్‌తో 25 మి.లీ. చొప్పున ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్ వేయండి. ఇక్కడ ముఖ్యమైనది సరిగ్గా 25.00 మి.లీ. రావడం కాదు, నాలుగింటిలోనూ ఒకే పరిమాణం పడడం. పిపెట్‌ను ప్రతిసారీ ఒకే విధంగా, ఒకే సమయం పాటు కారనివ్వండి. ఇథనాల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది కాబట్టి నాలుగింటినీ ఒకేసారి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర తీసుకోవాలి. నమూనాలకు ఉదయం, బ్లాంకులకు మధ్యాహ్నం తీసుకోవడం మంచిది కాదు.

6. రిఫ్లక్స్ చేయండి. గాజు పూసలు వేసి, కండెన్సర్ బిగించి, నీటి తొట్టిపై నెమ్మదిగా మరిగించండి. ఆవిరి కండెన్సర్ కింది మూడో వంతు దాటి పైకి రాకూడదు. బ్లాంకులను కూడా నమూనాలతో పాటే, అంతే సేపు మరిగించాలి. క్షారం కొంత గాజును తింటుంది, కొంత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ఈ నష్టం రెండు వైపులా సమానంగా జరిగితే తీసివేతలో పోతుంది. బ్లాంకును మరిగించకుండా చల్లగానే టైట్రేషన్ చేస్తే ఆ నష్టమంతా నూనె ఖాతాలో పడి విలువ పెరుగుతుంది. కండెన్సర్ పైకొనకు, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచే సోడా లైమ్ గొట్టం అమర్చగలిగితే ఇంకా మంచిది.

ఎంతసేపు మరిగించాలి అన్న ప్రశ్నకు ఎక్కువమంది, ద్రావణం తేటపడేవరకు అని చెబుతారు. ఈ జవాబు సరైనది కాదు. ఆల్కహాలిక్ క్షారంలో మొదట జరిగేది పూర్తి సపోనిఫికేషన్ కాదు. గ్లిసరాల్ నుంచి కొవ్వు ఆమ్లం విడిపడి ఇథనాల్‌కు అతుక్కుంటుంది, అంటే ఒక ఎస్టర్ పోయి ఇథైల్ ఎస్టర్ అనే మరో ఎస్టర్ వస్తుంది. ఈ ఇథైల్ ఎస్టర్లు ఇథనాల్‌లో చక్కగా కరుగుతాయి కనుక కొద్ది నిమిషాలలోనే ఫ్లాస్కు తేటగా కనిపిస్తుంది. కానీ ఆ ఎస్టర్లు విడిపోయి సబ్బుగా మారినప్పుడే క్షారం ఖర్చవుతుంది, దానికి ఇంకా సమయం కావాలి. తేటపడగానే ఆపినవారికి వచ్చేది తక్కువ విలువ. సాధారణ నూనెలకు పూర్తిగా ఒక గంట మరిగించండి. మైనం వంటి మొండి ఎస్టర్లకు రెండు గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ పడుతుంది.

పూర్తయిందో లేదో చూడాలంటే ఐదో ఫ్లాస్కు ఒకటి అదనంగా పెట్టుకోండి. గంట తర్వాత దాంట్లోంచి కొన్ని చుక్కలు తీసి వేడి స్వేదన జలంలో వేయండి. తేటగా కలిసిపోతే సపోనిఫికేషన్ అయినట్టే. తెల్లగా మసకబారినా, నూనె చుక్కలు తేలినా ఇంకా అరగంట మరిగించి మళ్లీ చూడండి. ఎంత మరిగించినా మసక పోకపోతే నూనెలో సబ్బుగా మారని పదార్థం, ఉదాహరణకు ఖనిజ నూనె, ఉందని అనుమానించాలి. లెక్కకు పనికొచ్చే ఫ్లాస్కుల నుంచి మాత్రం చుక్క కూడా తీయకండి.

7. కండెన్సర్‌ను కడగండి. వేడి తీసేసి, మరుగు ఆగాక, కండెన్సర్ లోపలి గోడలను పైనుంచి 10 మి.లీ. తటస్థ ఇథనాల్‌తో ఫ్లాస్కులోకి కడగండి. నీరు కాకుండా ఇథనాల్ ఎందుకో తర్వాతి దశలో తెలుస్తుంది. గాజు అతుకులను వేడిగా ఉన్నప్పుడే విడదీయండి, చల్లారితే క్షారం వల్ల బిగుసుకుంటాయి.

8. టైట్రేషన్ చేయండి. ద్రావణం ఇంకా వేడిగా ఉండగానే 1 మి.లీ. ఫినాఫ్తలీన్ వేసి, 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గులాబీ రంగు పోయేదాకా టైట్రేషన్ చేయండి. చల్లారనిస్తే సబ్బు గడ్డకట్టి క్షారాన్ని లోపల పట్టి ఉంచుతుంది. అలా చల్లారిపోతే మళ్లీ గోరువెచ్చగా చేసి కొనసాగించండి. సూచికను మరిగించడానికి ముందే వేయకండి, బలమైన క్షారంలో ఎక్కువసేపు ఉంటే ఫినాఫ్తలీన్ రంగు దానంతటదే వెలిసిపోతుంది.

సూచిక విషయంలో జరిగే పొరపాటు ఈ ప్రయోగాన్ని పూర్తిగా పాడు చేస్తుంది. రెండో దశలో ఆమ్లం గాఢతకు మిథైల్ ఆరెంజ్ వాడాం కదా అని ఇక్కడ కూడా అదే వేస్తే, మిగిలిన క్షారం అయిపోయిన తర్వాత కూడా ఆమ్లం పడుతూనే ఉంటుంది. సబ్బు ఒక బలహీన ఆమ్లపు లవణం. మిథైల్ ఆరెంజ్ రంగు మారేది పీహెచ్ 3.1 నుంచి 4.4 మధ్య. అంత ఆమ్లత్వానికి చేరేలోపు సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది. నమూనా రీడింగ్ బ్లాంక్ రీడింగ్‌కు దగ్గరగా వచ్చి, విలువ అసాధ్యమైనంత తక్కువగా తేలుతుంది. ఫినాఫ్తలీన్ 8.3 నుంచి 10 మధ్య మారుతుంది కాబట్టి సబ్బును ముట్టకుండానే ఆగుతుంది. ముదురు రంగు నూనెలకు ఆల్కలీ బ్లూ 6బి వాడండి. అది క్షారంలో ఎరుపు, ఆమ్లంలో నీలం.

నీరు ఎక్కువగా చేరినా అంత్య బిందువు (రంగు మారే చోటు) పాడవుతుంది. నీటిలో సబ్బు కొంత జలవిశ్లేషణ చెంది క్షారత్వాన్ని చూపిస్తుంది, గులాబీ రంగు పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. ఇథనాల్ ఎక్కువగా ఉన్నంతసేపు మార్పు స్పష్టంగా ఉంటుంది. అందుకే కడగడానికి ఇథనాల్ చెప్పాను. రంగు పలచబడడం మొదలయ్యాక చుక్క చుక్కగా వేసి, తెల్ల కాగితం మీద ఫ్లాస్కు ఉంచి చూడండి.

9. బ్లాంకులకు కూడా ఇదే విధంగా, అంతే సూచికతో చేయండి.

లెక్క

సపోనిఫికేషన్ విలువ = (బ్లాంక్ రీడింగ్ − నమూనా రీడింగ్) × ఆమ్లం నార్మాలిటీ × 56.1 ÷ నూనె బరువు

రీడింగులు మిల్లీలీటర్లలో, బరువు గ్రాములలో ఉండాలి. బ్లాంక్ 25.10, నమూనా 11.45, నూనె 2.015 గ్రాములు, ఆమ్లం 0.500 నార్మల్ అనుకుందాం. తేడా 13.65. దాన్ని 0.500తో, 56.1తో గుణిస్తే 382.9. 2.015తో భాగిస్తే 190.0.

ఇదే ఉదాహరణలో బ్యూరెట్ 0.1 మి.లీ. తప్పు చదివితే విలువ దాదాపు 1.4 మారుతుంది. అంటే 190.02 అని రెండు దశాంశాలు రాయడంలో అర్థం లేదు. రెండు నమూనాల ఫలితాల మధ్య తేడా 1.5 కంటే ఎక్కువ ఉంటే సగటు తీసి సరిపెట్టుకోకుండా మూడోసారి చేయండి. బ్లాంకులు రెండూ 0.1 మి.లీ. లోపు ఏకీభవించాలి.

రీడింగులను చూసి ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నమూనా రీడింగ్ బ్లాంక్‌లో దాదాపు సగం ఉండాలి. మూడో వంతు కంటే తక్కువ వస్తే మిగులు క్షారం చాలలేదు, చర్య చివర్లో మందగించి ఉండవచ్చు, నూనె తగ్గించి మళ్లీ చేయండి. మూడింట రెండు వంతులు దాటితే నూనె మరీ తక్కువైంది, బ్యూరెట్ దోషం పెద్దదవుతుంది.

ఆమ్ల విలువ, ఎస్టర్ విలువ

పాత నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఉంటాయి కనుక, నిజంగా ఎస్టర్‌గా ఉన్నదెంతో తెలియాలంటే ఆమ్ల విలువ కూడా కావాలి.

10. 50 మి.లీ. ఇథనాల్‌ను గోరువెచ్చగా చేసి, ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో లేత గులాబీ వచ్చేదాకా ముందుగా తటస్థం చేయండి. అందులో 10 గ్రాముల నూనె వేసి, బాగా కుదుపుతూ అదే క్షారంతో టైట్రేషన్ చేయండి. శుద్ధి చేసిన నూనె అయితే 20 గ్రాములు, బాగా పాతదైతే 2 నుంచి 5 గ్రాములు తీసుకోండి. గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే అక్కడే ఆపాలి. తర్వాత అది వెలిసిపోతుంది, ఎందుకంటే క్షారం మెల్లగా నూనెలోని ఎస్టర్లను కూడా విడదీయడం మొదలుపెడుతుంది. ఆ రంగు వెంట పడి చుక్కలు వేస్తూ పోతే ఆమ్ల విలువ ఎక్కువగా వస్తుంది.

ఆమ్ల విలువ = క్షారం మి.లీ. × నార్మాలిటీ × 56.1 ÷ నూనె బరువు. దీన్ని 0.503తో గుణిస్తే ఒలీక్ ఆమ్లంగా లెక్కించిన విడి కొవ్వు ఆమ్లాల శాతం వస్తుంది. సపోనిఫికేషన్ విలువలోంచి ఆమ్ల విలువ తీసివేస్తే ఎస్టర్ విలువ, దాన్ని 0.0547తో గుణిస్తే నూనె నుంచి రాగల గ్లిసరాల్ శాతం. ఎస్టర్ విలువ 190 ఉన్న నూనె దాదాపు 10.4 శాతం గ్లిసరాల్ ఇస్తుంది.

విలువ తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

తక్కువ వచ్చిందా? మొదట రిఫ్లక్స్ సమయాన్ని, తర్వాత సూచికను, ఆ తర్వాత అంత్య బిందువు దాటిపోయారేమో అన్న సంగతిని చూడండి. నూనెలో తేమ, మెడకు అంటిన చుక్కలు కూడా ఇటే లాగుతాయి. వెన్న కొవ్వులాంటి వాటిలో మరో కారణం ఉంటుంది. అందులోని బ్యుటిరిక్ ఆమ్లం మొదట ఇథైల్ బ్యుటిరేట్‌గా మారుతుంది, అది తేలికగా ఆవిరయ్యే ఎస్టర్. కండెన్సర్ సరిగా చల్లబరచకపోతే పండ్ల వాసనతో బయటికి పోతుంది. అలాంటి వాసన వస్తే ఆ ఫ్లాస్కును వదిలేయండి.

ఎక్కువ వచ్చిందా? ఆమ్లం మీరు అనుకున్నదానికంటే పలచనై ఉండవచ్చు. బ్లాంకును మరిగించకపోయి ఉండవచ్చు, లేదా నమూనా ఫ్లాస్కు పొంగి కొంత క్షారం చిందిపోయి ఉండవచ్చు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే పిపెట్ వాడకాన్నే అనుమానించండి.

కారణం తేలకపోతే, ఒక శుద్ధమైన ఎస్టర్‌తో మొత్తం పద్ధతిని పరీక్షించుకోవడం అన్నిటికంటే మంచి మార్గం. ఇథైల్ బెంజోయేట్ ఇందుకు బాగా పనికి వస్తుంది. దాని అణుభారం 150.17 కాబట్టి విలువ 56,100 ÷ 150.17, అంటే 373.6 రావాలి. 212 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక మరిగించేటప్పుడు పోదు. ఒక గ్రాము తూచి చేయండి. 370 నుంచి 377 మధ్య వస్తే మీ ద్రావణాలు, చేయి రెండూ సరిగా ఉన్నాయి, లోపం నూనెలోనే వెతకాలి. ఇథైల్ ఎసిటేట్‌తో ఈ పరీక్ష చేయకండి, తూచేటప్పుడే ఆవిరవుతుంది.

వచ్చిన సంఖ్య ఏం చెబుతుంది

కొవ్వు ఆమ్లాల గొలుసు పొట్టిగా ఉన్నకొద్దీ ఒక గ్రాములో ఎస్టర్ బంధాలు ఎక్కువగా ఉంటాయి, విలువ పెరుగుతుంది. కొబ్బరి నూనెకు 248 నుంచి 265, పామోలిన్‌కు మూలమైన పామ్ నూనెకు 190 నుంచి 209, వేరుశనగ నూనెకు 187 నుంచి 196, పొద్దుతిరుగుడు నూనెకు 188 నుంచి 194, ఆముదానికి 176 నుంచి 187 వరకు ఉంటుంది. ఆముదంలోని రిసినోలీక్ ఆమ్లంలో ఒక ఆల్కహాల్ సమూహం అదనంగా ఉంది. అది ఈ క్షారంతో చర్య జరపదు, అణువు బరువును మాత్రం పెంచుతుంది. ఆ కారణంగానే దాని విలువ కాస్త తక్కువ.

వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెల పరిధులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని గమనించండి. 191 వచ్చిందని చెప్పి అది ఏ నూనెయో తేల్చేయడం తప్పు. అసంతృప్తత (కొవ్వు ఆమ్లాలలో ద్విబంధాలు ఎన్ని ఉన్నాయన్నది) విషయంలో కూడా ఈ సంఖ్య మౌనంగానే ఉంటుంది. ద్విబంధాలున్న ట్రైఒలీన్‌కు 190.1, ద్విబంధాలు లేని ట్రైస్టియరిన్‌కు 188.8. ఆ తేడా మన 0.1 మి.లీ. దోషం కంటే చిన్నది. ద్రవ నూనెకు, ఘన కొవ్వుకు తేడా చెప్పాలంటే ద్విబంధాలను కొలిచే అయొడిన్ విలువ కావాలి. అయితే కొబ్బరి నూనెలో మరో సాధారణ నూనె కలిసిందా, ఏదైనా నూనెలో ఖనిజ నూనె కలిసిందా అన్న ప్రశ్నలకు సపోనిఫికేషన్ విలువ చక్కగా జవాబిస్తుంది. ఖనిజ నూనె హైడ్రోకార్బన్ కాబట్టి దాని విలువ సున్నా. 190 ఉండాల్సిన నూనెలో అది 10 శాతం కలిస్తే 171 వస్తుంది.

సబ్బు తయారీకి లెక్క కావాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ విలువ పొటాషియం హైడ్రాక్సైడ్‌కు సంబంధించినది. గట్టి సబ్బుకు వాడే సోడియం హైడ్రాక్సైడ్ అయితే 0.713తో గుణించాలి. 190 విలువ ఉన్న ఒక కిలో నూనెకు 135.5 గ్రాముల శుద్ధ సోడియం హైడ్రాక్సైడ్ సరిపోతుంది. మార్చకుండా 190 గ్రాములు వేస్తే మిగిలిన క్షారం చర్మాన్ని కాల్చే సబ్బు తయారవుతుంది. చర్మానికి వాడే సబ్బులో లెక్కకంటే 5 శాతం తగ్గించి, అంటే దాదాపు 129 గ్రాములే వేయడం సురక్షితం. క్షారం శుద్ధత 97 శాతమే అయితే ఆ మేరకు పెంచుకోవాలి.

పని ముగిశాక

టైట్రేషన్ అయిన ఫ్లాస్కులలో ఇథనాల్ ఉంటుంది కాబట్టి వాటిని మండే వ్యర్థాల డబ్బాలో పోయండి. మిగిలిన ఆల్కహాలిక్ క్షారాన్ని వేరుగా, క్షార వ్యర్థం అని రాసి ఉంచండి. పిపెట్‌ను వెంటనే నీటితో, తర్వాత కాస్త సజల ఆమ్లంతో, మళ్లీ నీటితో కడగండి. ఆల్కహాలిక్ క్షారం ఎండిపోతే పిపెట్ కొనలో కార్బొనేట్ తెల్లగా పేరుకుని, తర్వాతిసారి కారే పరిమాణమే మారిపోతుంది. నిల్వ చేసిన క్షార ద్రావణాన్ని మళ్లీ వాడే రోజున కొత్తగా బ్లాంకులు పెట్టుకోవాలి. నిన్నటి బ్లాంక్ రీడింగ్ ఈ రోజు నమూనాకు చెల్లదు.